అంటు

పేరు చూసి కొనకండి.
పేరు చీటీ మీది రంగు, రెండు వానలకి వెలిసిపోతుంది.
వంగండి, మోకాలు నొప్పైనా సరే,
ఇక్కడ చూడండి, మట్టికి బెత్తెడు పైన, ఈ బుడిపె.
మేం దీన్ని మెడ అంటాం.
పైనున్నది మీరు డబ్బిచ్చి కొనేది.
కిందున్నది మిమ్మల్ని నిద్రపోనిచ్చేది.

ఏడు చచ్చాయన్నారు కదా,
వేళ్లు మడుస్తూ పేర్లు చెప్పారు, చుట్టాల చావులు చెప్పినట్టు.
పెద్ద కొట్లో కొన్నారా? మైనం పూసిన కాడలు, అట్టపెట్టెలో?
తప్పు మీది కాదు. అవి చలి రాష్ట్రాల వేళ్లు.
మన ఫ్లోరిడా ఇసుక పైకి పంచదారలా ఉంటుంది,
లోపల నులిపురుగుల సంత.
వేరుని ముడులు ముడులు చేసి, ముడిముడికీ తాగి,
ఆకు ఇంకా పచ్చగా ఉండగానే
మొక్కని లోపల్నుంచి ఖాళీ చేస్తాయి.
మీరు నీళ్లు పోస్తూనే ఉంటారు.
నేనూ పోశాను లెండి.

ఇది వేరే వేరు.
ఫార్చూనియానా. నోరు తిరక్కపోతే "అది" అనండి చాలు,
మా నాన్న అలాగే అనేవాడు.
ముల్లు దాదాపు లేదు, పొగరూ లేదు.
ఇసుకలో చాపలా పరుచుకుంటుంది,
అందుకే రెండేళ్లు కర్ర కట్టాలి,
సెప్టెంబరు తుపానుకి వేరు నిలిచినా మెడ నిలవదు.

బెరడు తడిగా విడిపోయే రోజు చూసుకుని
దాని ఒంటి మీద చిన్న గాటు పెడతాను.
ఎర్రగులాబీ కొమ్మ నుంచి ఒకే ఒక్క కన్ను తీసి
ఆ గాటులో పడుకోబెట్టి
పట్టీ కొస పళ్లతో పట్టుకుని చుడతాను.
అంతసేపూ ఊపిరి తీయను, ఎందుకో, అలవాటు.
మూడు వారాలు.
కన్ను నల్లబడితే పోయింది.
పచ్చగా ఉంటే అంటుకుంది.
అప్పుడు దాని సొంత కొమ్మలన్నీ
మెడ దాకా కత్తిరించేస్తాను.
ఇక జన్మలో దానికి తన పువ్వు లేదు.

ఏమన్నారు?

దాని పువ్వు ఎలా ఉంటుందా?

ఇరవయ్యారేళ్లుగా అమ్ముతున్నాను.
ఎంత ఎత్తు పెరుగుతుంది, వాసనుందా, జింకలు తింటాయా,
రెండు తీసుకుంటే తగ్గిస్తావా, అన్నీ అడిగారు.
ఇది అడగలేదు ఎవరూ.

రండి. ఆ నీళ్ల గొట్టం దాటండి, జాగ్రత్త.
పంపు షెడ్డు వెనక, కంచె మీద పాకిందే, అదే.
ఏటా దీన్నే కోసి పుల్లలు చేస్తాం.
కోసిన వైపు పూయదు.
ఈ ఒక్క కొమ్మని మాత్రం నాన్న ముట్టనిచ్చేవాడు కాదు,
కారణం చెప్పలేదు, నేను అడగలేదు.
ఇంకా మొగ్గలే. మార్చిలో వస్తాయి,
తెల్లగా, జేబులో నలిగిన చేతిరుమాళ్లలా.
ఏడాదికి ఒక్కసారి, అదీ మూడు వారాలు.
అమ్ముడుపోయే పువ్వు కాదు.

సరే. ఎర్రదానికి ముప్పై ఎనిమిది డాలర్లు.
రసీదు ఎవరి పేరున? వెర్డెల్ ప్రాథర్.
ఈ పుల్లకి ఏమీ ఇవ్వొద్దు.
తడి ఇసుకలో గుచ్చి, నీడలో పెట్టండి.
బతికితే దానికి మెడ ఉండదు,
కింద ఏదో పైనా అదే.

వెనక సీట్లో కుండీకి బెల్టు కట్టిందావిడ.
పుల్లని తడి కాగితంలో చుట్టి పక్కనే పడుకోబెట్టింది.
ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపానని
స్టీరింగు పట్టుకున్నాక చెప్పింది.
గేటు దగ్గర బ్రేకు దీపాలు వెలిగాయి.
అద్దంలోకి తలెత్తి చూసింది, పెదవులు కదిలాయి:
ఒకటి.
రెండు.
అప్పుడు కదిలింది బండి.